ఉత్తరాంధ్ర గెడ్డల వరద చరిత్ర: మాట, దస్త్రం, పటం

ఉపోద్ఘాతం

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వరదల చరిత్ర అనగానే వంశధార, నాగావళి నదులే ముందుగా తలపునకు వస్తాయి. వంశధార పొడవు సుమారు 254 కిలోమీటర్లు, పరీవాహక ప్రాంతం 10,830 చదరపు కిలోమీటర్లు. నాగావళి పొడవు సుమారు 256 కిలోమీటర్లు, పరీవాహక ప్రాంతం 9,510 చదరపు కిలోమీటర్లు. రెండూ ఒడిశా కొండల్లో పుట్టి బంగాళాఖాతంలో కలుస్తాయి. గుణుపూర్, కాశీనగర్‌ల వద్ద వంశధారనూ, శ్రీకాకుళం వద్ద నాగావళినీ కేంద్ర జలసంఘం కొలుస్తుంది. ప్రమాద హెచ్చరికలు, పత్రికల వార్తలు, సహాయక చర్యలు ఈ కొలతల చుట్టూనే తిరుగుతాయి. అయితే ఈ నదుల్లోకీ, కొన్నిచోట్ల నేరుగా సముద్రంలోకీ చేరే చిన్న ప్రవాహాలు ఈ ప్రాంతంలో లెక్కకు మిక్కిలి. స్థానిక వ్యవహారంలో ఇవి గెడ్డలు. ఏడాదిలో అధిక భాగం ఇసుక, రాళ్లు తేలి ఉండే గెడ్డ ఒక్క రాత్రి వానకు ఊరి దారిని తెంచగలదు, పంటను ముంచగలదు, దాటబోయిన మనిషిని లాక్కుపోగలదు.

గెడ్డ ఎంత మేర పొంగుతుంది, దానికి ఎంత చోటు కావాలి అన్న జ్ఞానం ఈ ప్రాంతంలో లేకపోలేదు. అది మూడు చోట్ల విడివిడిగా నిలిచి ఉంది: జనవ్యవహారంలోని మాటల్లో, రెవెన్యూ దస్త్రాల్లో, ఇంజినీర్ల లెక్కల్లో. వీటిలో ఏదీ వరద ముప్పును చూపడం కోసమే పుట్టింది కాదు. ఈ మూడింటి చరిత్రను పక్కపక్కన ఉంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. జమీందారీల రద్దు తర్వాతి సెటిల్‌మెంట్ దస్త్రాల్లో నమోదైన ‘గెడ్డ పోరంబోకు’ గెడ్డ వెడల్పునకు దొరికే విలువైన లిఖిత సాక్ష్యమనీ, ఊరి మాటల తోడు లేకుండా అది వరద పటం కాజాలదనీ ఇక్కడి ప్రతిపాదన. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడడంతో ఎగువ గెడ్డల్లో పలు ఆ జిల్లా పరిధిలోకి చేరాయి. చరిత్ర పరిశీలన కనుక ఈ వ్యాసంలో పాత జిల్లాల పరిధినే గ్రహించడమైంది.

పేరులో నడక

తెలంగాణలోనూ మధ్య కోస్తాలోనూ వాగు అనీ, రాయలసీమలో వంక అనీ పిలిచే చిన్న ప్రవాహాన్ని ఉత్తరాంధ్రలో గెడ్డ అంటారు. పాచిపెంట మండలంలోని పెద్దగెడ్డ, జియ్యమ్మవలస మండలంలోని వట్టిగెడ్డ జలాశయాల పేర్లుగా స్థిరపడ్డాయి. విశాఖపట్నం వైపు మేఘాద్రిగెడ్డ, గంభీరం గెడ్డ అలాంటివే. ఈ పేర్లలో కొన్ని ప్రవాహపు కొలతను చెబితే కొన్ని దాని నడకను చెబుతాయి. ‘వట్టిగెడ్డ’ ఇందుకు చక్కని ఉదాహరణ. వట్టి అంటే నీరు లేని, ఖాళీ అయిన అని అర్థం. పాలివ్వడం మానిన పశువును వట్టిపోయింది అంటారు. అది ఎప్పటికీ పాలివ్వని పశువు కాదు, ఈతకు ఈతకు నడుమ ఖాళీగా ఉన్న పశువు. వట్టిగెడ్డ అన్న పేరును కూడా ఈ దృష్టితో అన్వయించవచ్చు. నీరు లేకపోవడం దాని శాశ్వత స్థితి కాదు, రెండు పొంగుల మధ్య విరామం మాత్రమే. కొత్తగా వచ్చినవారికి ఎండిన ఇసుక మేటగా, ఇల్లు కట్టుకోదగిన ఖాళీ స్థలంగా కనిపించేది ఊరివారి మాటలో గెడ్డగానే నిలుస్తుంది.

పెద్ద ప్రవాహాలకు సంస్కృత నామాలు ఏర్పడ్డాయి. సువర్ణముఖి, వేగవతి, చంపావతి, గోస్తని ఇందుకు ఉదాహరణలు. వీటిలో వేగవతి అన్నది వర్ణనాత్మక నామం. కొండవాలు నుంచి మైదానంలోకి దిగే నీటి వేగమే దాని పేరైంది. అయితే పేరు ఎల్లప్పుడూ స్పష్టతనే ఇస్తుందని చెప్పలేము. మహేంద్రగిరి ప్రాంతంలో పుట్టే మహేంద్రతనయలు రెండు. ఒకటి పర్లాకిమిడి మీదుగా వచ్చి వంశధారలో కలుస్తుంది, మరొకటి బారువ వద్ద సముద్రంలో కలుస్తుంది. ‘మహేంద్రతనయ పొంగింది’ అన్న ఒక్క వాక్యం ఏ ఊళ్లకు హెచ్చరిక అన్నది విన్నవారికి తేలదు. ప్రవాహపు పేరుతో పాటు దాని దారి కూడా తెలిసినప్పుడే ఆ వార్త ఉపయోగపడుతుంది.

గెడ్డను ఒంటరిగా చూడడం కూడా సరికాదు. ఉత్తరాంధ్ర పల్లెల నీటి వ్యవహారంలో గెడ్డ, చెరువు, బంద అన్న మూడు మాటలు కలిసే వినిపిస్తాయి. బంద అంటే చిన్న చెరువు. పై బంద నిండి పొర్లిన నీరు కింది చెరువుకు, అక్కడి నుంచి గెడ్డకు చేరుతుంది. పై కట్టకు గండి పడితే ఆ నీరంతా ఒక్కసారిగా కింది కట్ట మీద పడుతుంది. కనుక గెడ్డ వరద కేవలం ఆ రోజు కురిసిన వాన ఫలితం కాదు, పైన ఉన్న కట్టల స్థితి ఫలితం కూడా. సముద్రం చేరువైన కొద్దీ మరొక మాట తోడవుతుంది. అది పోటు. ఎగువ నుంచి గెడ్డ వరద దిగే వేళకు దిగువ నుంచి సముద్రపు పోటు ఎదురైతే నీరు నిలిచిపోయి పొలాల మీదికి పరుచుకుంటుంది. వరద, వెల్లువ, పోటు, ఉప్పెన, గండి అన్నవి పర్యాయపదాలు కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క కారణాన్ని వేరుచేసి చెప్పే మాట.

క్షేత్రపురాణంలో సంగమాలు

నాగావళికి లాంగుల్య అన్న పేరు కూడా ఉంది. లాంగలం అంటే నాగలి. బలరాముడు తన నాగలితో ఈ నదిని పారించాడనీ, దాని తీరాన అయిదు శివలింగాలను ప్రతిష్ఠించాడనీ స్థలపురాణం. పాయకపాడు, గుంప, సంగాం, శ్రీకాకుళం, కళ్లేపల్లి ఆ అయిదు క్షేత్రాలు. పురాణాన్ని చరిత్రగా స్వీకరించనవసరం లేదు. కాని క్షేత్రాల స్థానాలు పరిశీలనార్హమైనవి. గుంప వద్ద జంఝావతి నాగావళిలో కలుస్తుంది. సంగాం వద్ద సువర్ణముఖి, వేగవతుల నీరు నాగావళిని చేరుతుంది. కళ్లేపల్లి నది సముద్రాన్ని చేరే చోటు. అంటే అయిదింటిలో మూడు క్షేత్రాలు నీరు నీటిని కలిసే స్థలాల్లో ఉన్నాయి.

సంగమం పుణ్యస్థలమన్న భావన భారతీయ సంప్రదాయమంతటా ఉన్నదే. కనుక దీన్ని వరదల జ్ఞానంగా మాత్రమే వ్యాఖ్యానించడం అతి అవుతుంది. అయినా వరద పరిశీలనలో సంగమాలకు ప్రత్యేక స్థానం ఉంది. పెద్ద నది నిండుగా ఉన్నప్పుడు ఉపనది నీరు అందులోకి దిగలేక వెనక్కి ఎగదన్నుతుంది. అప్పుడు తన పరీవాహక ప్రాంతంలో పెద్ద వాన కురవకున్నా ఉపనది ఒడ్డు మునుగుతుంది. ఉపనదిలోకి దిగే గెడ్డలకు కూడా ఇదే వర్తిస్తుంది. ఏ గెడ్డ దేనిలో, ఎక్కడ కలుస్తుంది అన్న వివరాన్ని జనస్మృతి కథ రూపంలో, యాత్ర రూపంలో, శివరాత్రి జాతర రూపంలో నిలుపుకొన్నది. లిఖిత పటాలు లేని కాలంలో ఒక నది నిర్మాణాన్ని ఎగువ నుంచి సముద్రం వరకు వరుసగా గుర్తుంచుకోవడానికి ఇంతకంటె సులువైన మార్గం మరొకటి ఉండదు. ఆ స్మృతిలో పెద్ద సంగమాలకే చోటు దక్కింది. చిన్న గెడ్డలు దాని పరిధిలోకి రాలేదు.

దస్త్రంలో పోరంబోకు

చిన్న ప్రవాహాలు లిఖిత రూపంలోకి రావడం పన్ను చరిత్రతో ముడిపడింది. ఉత్తర సర్కారుల్లో 1802 నాటి శాశ్వత పరిష్కారం తర్వాత విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి సంస్థానాలు ప్రభుత్వానికి స్థిరమైన పేష్కషు చెల్లించే ఎస్టేట్లయ్యాయి. శ్రీకాకుళం ప్రాంతం 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడే వరకు గంజాం జిల్లాలో ఉండేది. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలో చేరి, 1950 ఆగస్టు 15న ప్రత్యేక జిల్లా అయింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. కార్మైకేల్ విశాఖపట్నం మాన్యువల్ (1869), మాల్ట్‌బీ గంజాం మాన్యువల్ (1882), ఫ్రాన్సిస్ విశాఖపట్నం గెజిటీర్ (1907) ఈ ప్రాంతాన్ని జిల్లా స్థాయిలో వర్ణించిన గ్రంథాలు. జిల్లా మొత్తాన్ని చూసే గ్రంథాల్లో నదులకు, పెద్ద చెరువులకు దక్కే చోటు ఊరి గెడ్డకు దక్కడం కష్టం. ఎస్టేటు గ్రామాల్లో ప్రభుత్వం రైతుతో నేరుగా లెక్క చూసుకోవలసిన అవసరం లేకపోవడంతో, రైత్వారీ తాలూకాల్లో వలె పొలం పొలానికీ హద్దు కొలిచే పని అన్నిచోట్లా ముందే జరగలేదు.

ఈ పరిస్థితి 1948 నాటి 26వ చట్టంతో మారింది. మద్రాసు ఎస్టేట్ల రద్దు, రైత్వారీ మార్పిడి చట్టంగా పేరుపడిన ఈ శాసనం ఎస్టేటు మొత్తాన్ని ప్రభుత్వానికి దఖలు చేసింది. దఖలు పడే ఆస్తుల జాబితాలో ఉమ్మడి భూములు, పోరంబోకులు, అడవులు, చెరువులతో పాటు నదులు, చిన్న ప్రవాహాలు కూడా స్పష్టంగా ఉన్నాయి. దఖలు పడిన ఎస్టేట్లలో సర్వే, సెటిల్‌మెంటు జరగాలని కూడా ఆ చట్టం నిర్దేశించింది. సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగళ్లు, గ్రామ పటాలు, క్షేత్ర కొలతల పుస్తకాలు ఆ క్రమంలో తయారయ్యాయి. పట్టా భూమికి వలెనే గెడ్డకూ ఒక సర్వే నంబరు, ఒక విస్తీర్ణం ఏర్పడ్డాయి. ఆధారరేఖ గీసి, దాని నుంచి ప్రతి మలుపుకూ అడ్డుకొలత తీసే ఆ పద్ధతిలో గెడ్డ రెండు ఒడ్లూ అంకెలుగా మారాయి. గెడ్డకు ఎంత చోటు అన్న ప్రశ్నకు ఊరి వారీగా లిఖిత సమాధానం దొరికింది.

అయితే ఆ సమాధానం ఏ ప్రశ్నకు వచ్చిందో గమనించాలి. పోరంబోకు తమిళం నుంచి రెవెన్యూ వ్యవహారంలోకి వచ్చిన మాట. పుఱం అంటే వెలుపల, పోక్కు అంటే విడిచిపోయినది. పన్ను లెక్కకు వెలుపల ఉన్న నేల అని దాని భావం. శ్మశానం, బాట, పశువుల మేత భూమి, చెరువు గర్భం, గెడ్డ అన్నీ ఈ ఒక్క మాట కిందికి వచ్చాయి. నీరు ఎక్కడి వరకు వస్తుందన్నది సర్వేయరు ప్రశ్న కాదు, పన్ను ఎక్కడ ఆగుతుందన్నదే అతని ప్రశ్న. సర్వేకు అనువైనది పొడి కాలం. ఆ కాలంలో కంటికి కనిపించే ఒడ్డే హద్దయింది. పెద్ద వరదలో మాత్రమే మునిగే పొలం పట్టాగా నమోదైంది. పట్టా భూముల నడుమ పారే చిన్న పాయలకు కొన్నిచోట్ల వేరే నంబరు దక్కలేదు. కనుక గెడ్డ పోరంబోకు అన్నది గెడ్డకు ఉండవలసిన కనీసపు చోటు. దాని గరిష్ఠ వ్యాప్తి అందులో కనిపించదు. ఆ కనీసపు హద్దులోనే నేడు సాగు, కట్టడం కనిపిస్తే మిగిలిన వాదనలకు తావు లేకుండానే ముప్పు రుజువవుతుంది. ఈ దస్త్రపు విలువ, పరిమితి రెండూ ఇక్కడే ఉన్నాయి.

సూత్రంలో వైశాల్యం

వంతెనకు ఎంత వెడల్పు ఉండాలి, చెరువు అలుగు ఎంత పొడవు కట్టాలి అన్న ప్రశ్నలకు మద్రాసు రాజధానిలోని ఇంజినీర్లు ఒక సులువైన లెక్కను వాడారు. 1884లో రైవ్స్ ప్రతిపాదించిన సూత్రం అది. పరీవాహక వైశాల్యాన్ని మూడింట రెండు ఘాతానికి పెంచి, ఒక గుణకంతో హెచ్చిస్తే గరిష్ఠ ప్రవాహం వస్తుంది. తూర్పు తీరానికి 80 కిలోమీటర్ల లోపు ప్రాంతాలకు గుణకం 6.8, అంతకు లోపలి ప్రాంతాలకు 8.5, కొండల చేరువలోని పరిమిత ప్రాంతాలకు 10.2. వాన తీవ్రత, నేలవాలు ఇందులో నేరుగా లేవు. కొలతలు లేని చిన్న ప్రవాహాలకు పనికివచ్చే లెక్క కనుక ఇది చాలాకాలం నిలిచింది.

ఈ సూత్రం చెప్పే విషయం ఒకటి ప్రత్యేకంగా గమనార్హం. 20 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం ఉన్న గెడ్డకు 6.8 గుణకంతో లెక్కిస్తే సెకనుకు సుమారు 50 ఘనపు మీటర్ల ప్రవాహం వస్తుంది. అంటే ఒక్కొక్క చదరపు కిలోమీటరుకు 2.5 ఘనపు మీటర్లు. ఇదే గుణకంతో నాగావళి మొత్తం పరీవాహక ప్రాంతానికి లెక్కిస్తే చదరపు కిలోమీటరుకు సుమారు 0.32 మాత్రమే. విస్తీర్ణంతో పోల్చి చూస్తే చిన్న గెడ్డ ఉద్ధృతి పెద్ద నదికి దాదాపు 8 రెట్లు. విశాలమైన నదీ ప్రాంతమంతటా ఒకే సమయంలో ఒకే తీవ్రతతో వాన కురవదు, చిన్న గెడ్డ పరీవాహక ప్రాంతం మొత్తం మీద కురవగలదు. గెడ్డను చిన్నదిగా చూడడం కంటికి సహజమే గాని లెక్కకు సమ్మతం కాదు.

గుణకాల వర్గీకరణ ఈ ప్రాంతానికి మరొక చిక్కును తెచ్చింది. తీరం, లోపలి భాగం, కొండ అన్నవి వేర్వేరు మండలాలన్న ఊహ మీద ఆ వర్గీకరణ నిలిచింది. శ్రీకాకుళం తీరంలో తూర్పు కనుమలు సముద్రానికి చేరువగా వచ్చాయి. 1,501 మీటర్ల మహేంద్రగిరి శిఖరం నుంచి సముద్రం దూరంలో లేదు. ఇక్కడి గెడ్డ ఏకకాలంలో తీరపు గెడ్డ, కొండ గెడ్డ. పైన చెప్పిన 20 చదరపు కిలోమీటర్ల గెడ్డనే కొండ గుణకంతో లెక్కిస్తే ప్రవాహం 50 నుంచి 75 ఘనపు మీటర్లకు పెరుగుతుంది. ఏ గుణకాన్ని గ్రహించారన్న దాన్ని బట్టి కల్వర్టు వెడల్పు సగం మేర మారిపోతుంది. 1893, 1896 మధ్య నిర్మించిన రైలుమార్గం, ఆ తర్వాత వెడల్పయిన జాతీయ రహదారి రెండూ కొండలకూ సముద్రానికీ నడుమ ఈ గెడ్డలను అడ్డంగా దాటుతూ సాగుతాయి. గెడ్డ తన వెడల్పు మేర పారినా, కట్ట కింది కల్వర్టు ఇరుకైతే దాని వరద ఎగువ పొలాలనే వెతుక్కుంటుంది.

బీల, తంపర: నీరు ఆగే నేలలు

గెడ్డ చరిత్ర దాని పారుదలతో ముగియదు. ఉద్దానం తీరంలో ఇసుక దిబ్బల వెనుక ఉన్న పల్లపు నేలల్లో నీరు చేరి ఆగుతుంది. సోంపేట వద్ద వీటిని బీల అనీ, సంతబొమ్మాళి వైపు తంపర అనీ అంటారు. వరి, చేపలు, పశువుల మేత ఈ నేలల ఫలసాయం. వాన నీటిని తమలో నింపుకొని మెల్లగా విడిచే వీటి గుణం వల్ల చుట్టుపక్కల ఊళ్లకు ముంపు తగ్గుతుంది. కాని పన్ను భాషలో ఈ గుణానికి పేరు లేదు.

సోంపేట బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం నిర్మాణానికి 2009లో పర్యావరణ అనుమతి లభించింది. 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో ఇద్దరు మరణించారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి వద్ద తంపర భూముల్లోని మరొక విద్యుత్ కేంద్రం వివాదంలోనూ కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఈ రెండు ఘటనలకు ఉపాధి, భూమి, కాలుష్యం వంటి కారణాలు అనేకం. వాటి మూలంలో ఒక మాటల వివాదం కూడా ఉంది. ఈ నేల బంజరా, తడినేలా? దస్త్రపు మాట నెగ్గితే అది నిర్మాణానికి సిద్ధంగా ఉన్న ఖాళీ స్థలం. జనుల మాట నెగ్గితే అది నీటి చోటు. పేరు నిర్ణయమే భూమి నిర్ణయమైన సందర్భాలివి.

తుపానులు, నేటి పటాలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో, 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం చేరువలో తీరం దాటాయి. తిత్లీ గాలుల ధాటికి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగితే, మహేంద్రగిరి వైపు కురిసిన వానలకు మహేంద్రతనయ, వంశధారలు పొంగాయి. తుపాను గమనాన్ని ముందే చెప్పగల విజ్ఞానం నేడు ఉంది. పెద్ద నది వరద దిగువకు చేరడానికి పట్టే గంటలను లెక్కించి హెచ్చరించవచ్చు. కొండ కింది గెడ్డకు ఆ వ్యవధి లేదు. వాన మొదలైన కొద్ది గంటల్లోనే పొంగి, తెల్లవారేసరికి తీసిపోతుంది.

నేటి పటాలకు గెడ్డలు చిక్కకపోవడానికి కారణం ఇదే. ఉపగ్రహం ఆ ప్రదేశం మీదుగా వచ్చే వేళకు నది వరద నిలిచి ఉంటుంది, గెడ్డ వరద తీసిపోయి ఉంటుంది. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా తయారయ్యే ముంపు పటంలో రోజుల తరబడి నిలిచే నీరే ప్రధానంగా కనిపిస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్థల పటాల్లో సమోన్నత రేఖల అంతరం సాధారణంగా 20 మీటర్లు. రెండు మూడు మీటర్ల ఎత్తు తేడాతో మునిగే పొలాన్నీ, మునగని ఊరినీ ఆ రేఖలు వేరుచేయలేవు. ఈ పటాలు అబద్ధం చెప్పవు. అవి ఎంచుకున్న కొలబద్దలో గెడ్డ ఇమడదు.

చట్టం కూడా మళ్లీ హద్దు దగ్గరికే వస్తుంది. 2012 నాటి ఉమ్మడి రాష్ట్ర భవన నిర్మాణ నియమాలు (జీవో 168) 10 మీటర్లకు మించిన వెడల్పు గల కాలువ, వాగు, నాలాలకు 9 మీటర్లు, అంతకు తక్కువ వాటికి 2 మీటర్లు విడిచి కట్టాలని నిర్దేశించాయి. ఆ దూరాన్ని కొలవవలసింది ప్రవాహపు నిర్ణీత హద్దు నుంచి. ఉత్తరాంధ్ర జనుల మాట అయిన గెడ్డ ఆ జాబితాలో లేకున్నా, వాగుకు వర్తించేది దానికీ వర్తించాలి. అసలు చిక్కు మాటలో కంటె హద్దులో ఉంది. గెడ్డ హద్దు పాత కొలతల పుస్తకం ప్రకారమా, నేడు ఆక్రమణల తర్వాత మిగిలిన పాయ ప్రకారమా అన్నదాన్ని బట్టి ఆ 9 మీటర్లు ఎక్కడ మొదలవుతాయో తేలుతుంది. 2020 డిసెంబరు 21న రాష్ట్రంలో ప్రారంభమైన భూముల సమగ్ర రీసర్వే డ్రోన్లతోనూ ఉపగ్రహ సంకేతాలతోనూ హద్దులను సెంటీమీటర్ల కచ్చితత్వంతో నిర్ణయించడానికి పూనుకొన్నది. కుంచించుకుపోయిన గెడ్డను అంతే కచ్చితంగా కొలిస్తే ఆ కుంచించుకుపోవడమే శాశ్వత హద్దవుతుంది.

ముగింపు

గెడ్డల వరద ముప్పును గుర్తించే పని ఇంజినీరు, రెవెన్యూ ఉద్యోగులకు మాత్రమే పరిమితమైనది కాదని ఈ పరిశీలన చూపుతున్నది. సెటిల్‌మెంట్ దస్త్రం గెడ్డ కనీసపు వెడల్పును చెబుతుంది. రైవ్స్ సూత్రం వంటి లెక్కలు దాని ఉద్ధృతిని అంచనా వేస్తాయి. నీరు నిజంగా ఏ ఇంటి మెట్టు వరకు వచ్చింది, ఏ బంద తెగింది, ఏ మలుపు వద్ద గెడ్డ పాత దారి పట్టింది అన్నవి ఊరివారి మాటల్లోనే దొరుకుతాయి.

ఈ మాటలను సేకరించే పద్ధతి తెలుగు పరిశోధనకు కొత్త కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను ప్రాంతాల వారీగా నమోదు చేసింది. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊర్ల పేర్లను శాస్త్రీయంగా పరిశీలించారు. అదే శ్రద్ధతో ఉత్తరాంధ్ర గెడ్డల పేర్లను, పాయల పేర్లను, వరద గుర్తులను గ్రామ పటాల మీది సర్వే నంబర్లతో జోడించి నమోదు చేస్తే, భాషా పరిశోధకులు తయారుచేసిన పదపట్టిక ముప్పు పటానికి మొదటి పొర అవుతుంది. వరదను చూసిన తరం వృద్ధాప్యంలో ఉండగా, కొత్త హద్దు రాళ్లు నాటుకుంటున్న కాలం ఇది. రీసర్వే పూర్తయిన గ్రామంలో గెడ్డ హద్దును సవరించడం ముందే సరిగా నమోదు చేయడం కంటె ఎన్నో రెట్లు కష్టం. కనుక ఈ సేకరణ ఆ పని కంటె ముందుగానో, కనీసం దానితో పాటుగానో జరగవలసి ఉంది.